ఎవరి కెంత వెలుతురు?

మనవారి యిండ్లకు, చెన్నపట్టణమున గాని, బెంగుళూరున గాని, షోలాపురమున గాని, బరంపురమున గాని, యానామున గాని, ఎక్కడికి పోయినను ఎక్కడో ఒకచోట తులసిమొక్క కానవచ్చును. పెరడు గలవారికి అది కోటలో నుండును. పెరడు లేనివారికి వసారాలో నుండును. వసారా లేనివారు కిటికీ చట్రముమీద నిలుపుకొందురు. అదియు లేనివారు హాలులో ఒక మూల పీట వేసి, దానిపై కుండీ నుంచి, ప్రొద్దుట ఒక చెంబెడు నీరు పోసి నమస్కరింతురు. పెరటిలోని కోటనుండి హాలులోని మూలకు తులసి చేసిన యీ ప్రయాణము మన కుటుంబములు చేసిన ప్రయాణమే. ఊరు విడిచి వచ్చునపుడు పొలమును తేలేము, చెరువును తేలేము. ఒక కొమ్మను తేగలము. తెచ్చితిమి. తెచ్చినదానిని బ్రదికించుకొనుట యెట్లన్నది తరువాతి మాట.

ఆ తరువాతి మాటనే యిక్కడ కొంత విచారింప దలచితిమి. విషయము చిన్నది: ఇంటిలో పెంచు మొక్కకు ఎంత వెలుతురు కావలెను? కాని యీ చిన్న ప్రశ్న వెనుక పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. మన చేతిలో నున్న ప్రాణికి మేలు చేయవలెనను కోరిక యొక్కటియే చాలునా? లేక ఆ ప్రాణికి ఏది మేలో తెలిసికొనుట కూడ మన ధర్మములో భాగమా? తెలియక చేసిన కీడునకు మంచి మనస్సు సమాధానము కాగలదా?

ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి రాలేదు. మా యింటినుండియే వచ్చినది.

కొన్ని యేండ్ల క్రిందట మా తల్లిగారు గోదావరి లంకలలోని ఊరు విడిచి, చెన్నపట్టణమున మాతో నుండుటకు వచ్చిరి. రైలులో రాత్రంతయు ఒడిలో నొక మట్టికుండీ పెట్టుకొని వచ్చిరి. అందులో వారి కోటలోని తులసికి పుట్టిన పిల్లమొక్క యున్నది. మేము దానికి మా యింటిలో నున్నంతలో శ్రేష్ఠమైన స్థానమునే యిచ్చితిమి. మట్టికుండీ తీసి ఇత్తడి కుండీ తెచ్చితిమి. హాలులో అద్దాల బీరువా ప్రక్కన, వచ్చినవారి కందరకు కనబడునట్లు నిలిపితిమి. కిటికీ అక్కడికి ఏడెనిమిది అడుగుల దూరమున నున్నది. గది తెల్లని గోడలతో వెలుగుచుండెడిది. పగటివేళ దీపము అవసరము లేకయే పత్రిక చదువుకొనగలిగెడివారము. ఇంతకంటె వెలుతురు మరి యెవరికి కావలెనని తలచితిమి.

మూడు వారములు గడచునప్పటికి క్రింది యాకులు పసుపుబారినవి. కాడలు సన్నగా, పొడుగుగా సాగినవి; ఆకునకు ఆకునకు నడుమ ఎడము పెరిగినది. మొక్క యంతయు కిటికీ వైపునకు వంగినది. వంకరగా నున్నదని మేము కుండీని త్రిప్పి పెట్టితిమి. మరల వంగినది, మరల త్రిప్పితిమి. వాడుచున్నదని నీరు ఎక్కువ పోసితిమి. బలము లేదని ఎరువు వేసితిమి. కార్తికము రాకముందే అది పోయినది. వేరు తీసి చూచిన నల్లబడి మెత్తగా కుళ్ళియుండెను.

ఆనాడు మా తల్లిగారు కుండీ ప్రక్కన కూర్చుండి మెల్లగా ఒక్కమాట అనిరి: “నీళ్లు కాదురా నాయనా, దానికి పొద్దు కావాలి.” మరి ముందే ఏల చెప్పలేదని మేమడిగితిమి. “మీ ఇల్లు కదా, మీకు తెలిసే పెట్టారనుకున్నాను” అనిరి.

ఆ రెండవ మాట మమ్ము చాలకాలము వదలలేదు. దాని సంగతి తరువాత చెప్పుదుము.

మొక్కయెడల ధర్మమేమిటి, అది జీవియే గాని మనిషి కాదు గదా, దాని చావునకు ఇంత విచారమా అని కొందరనవచ్చును. ఆలోచింపదగిన మాటయే. అడవిలోని చెట్టుయెడల మనకు ఆ విధమైన బాధ్యత లేదన్న మాట నిజము. అడవిలో విత్తనము తనకు తగినచోట పడిన మొలచును, తగనిచోట పడిన చచ్చును. మొలచిన తీగ ప్రక్క చెట్టును పట్టుకొని వెలుతురునకు ప్రాకును. వేరు తడికై వెదకికొని పోవును. కాని కుండీలో పెట్టిన క్షణముననే ఆ వెదకుకొను హక్కును మనము దానినుండి తీసికొంటిమి. వేరు పోవుటకు జానెడు మన్నే యిచ్చితిమి. కొమ్మ పోవుటకు నాలుగు గోడలే యిచ్చితిమి. ఒకరి స్వేచ్ఛను మన సంతోషము కొరకు తీసికొన్నపుడు, ఆ స్వేచ్ఛచేత వారు సంపాదించుకొనదగినదానిని మనము సమకూర్చుట ఋణము. దయ కాదు, ఋణము. బాధ్యత పుట్టినది మొక్కయొక్క గొప్పతనమువలన కాదు, కుండీవలన. పంజరములోని చిలుకయెడల, కొట్టములోని పశువుయెడల, మనపై ఆధారపడిన ప్రతి ప్రాణియెడల ఈ న్యాయమే వర్తించును.

అట్లయిన ఆ ఋణము తీర్చుటకు మొదట అప్పెంతో తెలియవలెను.

మొక్క వెలుతురును ఆహారముగా మార్చుకొనునని చదువుకొన్నవారి కందరకు తెలియును. డచ్చి దేశపు వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ 1779లో ప్రకటించిన ప్రయోగములలో, ఆకు పచ్చని భాగములు వెలుతురులో మాత్రమే గాలిని శుద్ధిచేయునని, చీకటిలో చేయవని నిరూపించెను. గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని, వెలుతురు శక్తితో కలిపి ఆకు చక్కెరను తయారుచేసికొనును. ఎరువు దానికి తోడగునుగాని భోజనము కాదు. వెలుతురే భోజనము. మేము ఆకలిగొన్నదానికి అన్నము మాని, నీరును ఉప్పును మాత్రము పెట్టితిమన్నమాట.

మరి మా గది వెలుతురుగా లేదా? ఇక్కడనే మన కన్ను మనలను మోసగించును. నడిమధ్యాహ్నపు నిండు ఎండ వెలుగు కొలతలో సుమారు 1,00,000 లక్సులు. ఆరుబయట నీడపట్టున అది 10,000, 20,000 లక్సుల మధ్య నుండును. ఎండ నేరుగా పడని కిటికీ ప్రక్కన వేయి, రెండువేలు. అదే గదిలో లోపలి మూల నూరు, రెండువందలు మాత్రమే యుండవచ్చును. అనగా వీథిలోని ఎండకును మన హాలు మూలకును అయిదువందల రెట్లు, వేయి రెట్లు భేదము. కాని మన కంటికి అంత భేదము తోచదు. చీకటి పెరిగినకొలది కంటిపాప విప్పారును, కన్ను అలవాటుపడును. చదువుకొనుటకు నూరు లక్సులైనను సరిపోవును. కన్నునకు వెలుతురు చూచుటకు మాత్రమే కావలెను, ఆకునకు తినుటకు కావలెను. చూచుటకు చాలినది తినుటకు చాలదు.

గృహస్థులకు ఈ లెక్క తేలికగనే బోధపడును. మొక్క పగలంతయు సంపాదించును, రేయింబవళ్ళు శ్వాసించుచు ఖర్చుపెట్టును. సంపాదన ఖర్చునకు మించిన పెరుగును. రెండును సమమైన నిలిచియుండును. తగ్గినచో దాచుకొన్న నిలువను తినుచు కొన్ని వారములు మాత్రము నడపుకొని వచ్చును. ఆ కొన్ని వారములను చూచి మనము బాగుగనే యున్నదనుకొందుము. పైగా వెలుతురు తక్కువైనపుడు మొక్క నీరు కూడ తక్కువగనే త్రాగును. మనము పోసినది మంటిలో నిలువయుండును, వేరునకు గాలి ఆడదు, వేరు కుళ్ళును. వేరు కుళ్ళినపుడు ఆకు వాడును. ఆకు వాడినదని మరల నీరు పోయుదుము. ప్రేమ ఈ విధముగా తానే విషమై, తాను చేసిన కీడును చూచి తానే మరింత పొంగును.

ఇక వంగుట యొకటి కలదు. ఇంగ్లండు దేశపు చార్లెస్ డార్విను, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ కలసి 1880లో మొక్కల కదలికలను గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. గడ్డిమొలకల కొనలను చీకటి టోపీతో కప్పిన అవి వెలుతురువైపు వంగవనియు, కొనను విడిచి క్రిందిభాగమును కప్పిన వంగుననియు వారు కనుగొనిరి. వెలుతురును గుర్తించునది కొన. వంగునది క్రింది కాడ. కొన పంపిన వార్తచేత నీడవైపు కాడ ఎక్కువ పెరిగి మొక్కను వెలుతురువైపు త్రిప్పును. కనుక వంగుట వంకర కాదు. అది మొక్కకు చేతనైన ఒకేయొక మాట. మేము ఆ మాటను వినక, అందము చెడినదని కుండీని త్రిప్పితిమి. కుండీని అప్పుడప్పుడు త్రిప్పుట మంచిదే; అన్ని వైపుల సమముగ పెరుగును. కాని మేము త్రిప్పినది దాని పెరుగుదల కొరకు కాదు, మా కంటి కొరకు. చేసిన పని యొకటియే యైనను, అడిగినదానికి బదులిచ్చుట వేరు, అడిగినవారి నోరు మూయుట వేరు.

ఇక్కడ మన పెద్దలు చెప్పిన యొక మహావాక్యమును గూర్చి విచారింపవలసియున్నది. సర్వప్రాణులను తనవలెనే చూడవలెనని మన ధర్మశాస్త్రములు, గీత మొదలగు గ్రంథములు చెప్పుచున్నవి. ఆత్మౌపమ్యమని దీనికి పేరు. ఇంతకంటె ఉన్నతమైన నీతి వేరొకటి లేదని మేమును నమ్ముదుము. కాని మా తులసి విషయమున మేము చేసినది కూడ ఆత్మౌపమ్యమే గదా! మాకు హాలు హాయిగా నున్నది గనుక దానికిని హాయి యనుకొంటిమి. మాకు ఎండ బాధ గనుక దానిని ఎండనుండి తప్పించితిమి. మాకు చదువుకొన చాలిన వెలుతురు దానికిని చాలుననుకొంటిమి. తనవలె చూచుటయే దానిని చంపినది.

అట్లని ఆ సూత్రము తప్పా? కాదు, మేము దానిని సగమే చదివితిమి. ఇతరుల సుఖదుఃఖములు మన సుఖదుఃఖములంత నిజములని గ్రహింపుమన్నది ఆ మాట. ఇతరుల సుఖము మన సుఖము వంటిదే యని భావింపుమనలేదు. నా ఆకలి నాకెంత ముఖ్యమో, వాని ఆకలి వానికంత ముఖ్యము, ఇది ధర్మము. నాకు గారెలిష్టము గనుక జ్వరపడినవానికి గారెలు పెట్టుదుననుట అజ్ఞానము. ఆత్మౌపమ్యమునందు మొదటి మెట్టు సానుభూతి. రెండవ మెట్టు విచారణ, అనగా ఎదుటివాని తత్త్వమును అడిగి, చూచి, కొలిచి తెలిసికొనుట. మొదటి మెట్టుమీద నిలిచిపోయినవాడు తన ముఖమునే అద్దములో చూచుకొనుచు పరోపకారము చేయుచున్నాననుకొనును.

సమత్వమను మాటకు కూడ ఈ చిక్కు కలదు. నాలుగు కుండీలను వరుసగా నొకే యెండలో పెట్టినవాడు నాలుగింటికి న్యాయము చేసినవాడు కాడు. తులసి, మందారము, మల్లె, కరివేప, గులాబి నేరుగా అయిదారు గంటల యెండ కోరును. అది లేనిచో బ్రదికినను పూయవు, గుబురుకట్టవు. క్రోటను మంచి వెలుతురులో ఎఱుపు, పసుపు రంగులు దేలును. నీడలో ఆ రంగులు మాసి ఆకు పచ్చబడును. మనీప్లాంటు, పాముపొడ వంటి చారల కత్తియాకు మొక్క తక్కువ వెలుతురును ఓర్చును. ఓర్చుననుటయే గాని కోరునని కాదు. కిటికీ దగ్గర నుంచిన అవియు మరింత బాగుగ పెరుగును. ఫెర్నులకు చెట్టునీడ వంటి మెత్తని వెలుతురు కావలెను; మధ్యాహ్నపు టెండలో వాని యాకులు మాడును. మన గోదావరి ప్రాంతపు రైతు తమలపాకు తోట వేయునపుడు ముందుగా అవిసె నాటి, అవి పెరిగి నీడయిచ్చిన పిదప తీగను వాని మీదికి ప్రాకించును. కొడగు కొండలలో కాఫీని పెద్దచెట్ల నీడననే పెంచెదరు. ఆ రైతునకు తీగమీద ప్రేమ తక్కువయై ఎండ మాన్పించుట లేదు. అందరకు ఒకే కొలత పెట్టుట సులభము. ఎవరికి తగినది వారికి పెట్టుటలో శ్రమ యున్నది, మరచిపోవుటకు వీలులేని గమనిక యున్నది. న్యాయము ఆ శ్రమలోనిదే.

ఇంకొక పొరపాటు కలదు, అది చదువుకొన్నవారిది. మొక్క పోయిన పిదప మేము పుస్తకములు తిరుగవేసితిమి. చలిదేశములలో వ్రాసిన ఆ పుస్తకములు ఉత్తరపు కిటికీకి ఎండ రాదనియు, దక్షిణపు కిటికీయే ఎండకు నెలవనియు సామాన్యసూత్రము చెప్పును. ఆ దేశములకు అది తగును. కాని చెన్నపట్టణము, బెంగుళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశముననున్నవి. ఏప్రిలు చివరివారము మొదలు ఆగస్టు నడుమవరకు ఇక్కడ మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి ఉత్తరముగనే యుండును. ఆ నెలలలో దక్షిణపు కిటికీలోనికి మధ్యాహ్నపు టెండ చొరదు. ఉత్తరపు వసారాకు ఉదయమున, సాయంకాలమున ఏటవాలు ఎండ వచ్చును. మార్గశిర పుష్యములందు దక్షిణపు కిటికీలో ఎండ గదిలోనికి చాచుకొని వచ్చును. యానాము, షోలాపురము, బరంపురము, బొంబాయి మరికొంత ఉత్తరముననున్నవి గనుక అక్కడ ఈ ఉత్తరపు టెండ కాలము తక్కువ. ఉత్తరాయణ దక్షిణాయనములను పంచాంగములో చూచి పండుగలు చేసికొను మనమే, మన కిటికీలో వాని నడకను చూడము. ఉపదేశము ఎంత గొప్పవారిదైనను, అది ఏ యాకాశము క్రింద పుట్టినదో చూచి మరీ గ్రహింపవలెను. పరదేశపు పుస్తకముకంటె, ఒక ఆదివారము ఉదయమునుండి సాయంకాలమువరకు గంటకొకసారి మన గదిలో ఎండ యెక్కడ పడుచున్నదో సుద్దముక్కతో గీచి చూచుట మేలు. నీడ గుర్తింపవలెనన్న, మొక్క యుండుచోట చేతిని అడుగెత్తున చాచినచో పడు నీడను చూడవలెను. అంచులు స్పష్టముగ నున్న వెలుతురు బలమైనది. మసకగా నున్న నడితరము. నీడయే పడకున్న అది తులసికి ఉపవాసస్థలము.

తప్పు తెలిసినవెంటనే దిద్దుకొనుటలోను తొందర పనికిరాదు. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా ఎండలో పెట్టిన ఆకులు తెల్లబారి మాడును. నీడలో పుట్టిన యాకు పలుచన, వెడల్పు. ఎండలో పుట్టిన యాకు దళసరి. ఒకసారి విచ్చుకొని గట్టిపడిన ఆకు తన కట్టడిని చాలవరకు మార్చుకొనలేదు. క్రొత్తచోటికి వచ్చినపుడు పాతయాకులలో కొన్ని రాలును. క్రొత్తగా పుట్టునవి ఆ చోటి వెలుతురునకు తగినట్లు పుట్టును. అందుచేత రోజునకొక గంట చొప్పున పెంచుచు, పది పదునైదు దినములలో ఎండకు అలవాటు చేయవలెను.

ఈ సంగతి చదివినపుడు మాకు మన కుటుంబములే జ్ఞప్తికి వచ్చినవి. ఊరు విడిచి వచ్చిన మొదటి తరమువారు పాతవెలుతురులో గట్టిపడిన యాకులు. వారిని మారుమనుట ధర్మము కాదు; మారలేదని నిందించుట అంతకన్న కాదు. ఇక్కడ పుట్టిన బిడ్డలు ఇక్కడి వెలుతురునకు తగిన యాకులు. అరవమో, కన్నడమో, ఒడియయో, మరాఠియో వారికి సహజముగ అబ్బినది. వారు పాతయాకులవలె లేరని దుఃఖించుట కూడ ధర్మము కాదు. ఆకులు వేరైనను వేరు ఒకటియే యున్నంతకాలము మొక్క యొకటియే. ఇందులో మన చేతిలోనున్నది ఆకు ఆకారము కాదు, వేరునకు పట్టు.

మరి వెలుతురు ఎంత యెక్కువైన అంత మంచిదా? అదియు కాదు. 1920లో గార్నరు, అల్లార్డు అను అమెరికా శాస్త్రజ్ఞులు, కొన్ని మొక్కలు పూయుట పగటి నిడివినిబట్టి యుండునని ప్రకటించిరి. చామంతి యందులో నొకటి. రాత్రులు పొడుగైన కాలముననే అది మొగ్గతొడుగును. నడిరాత్రి దీపము వెలిగించినచో పూత వెనుకబడును. నేడు ఎల్‌ఇడి దీపములతో చీకటిగదిలోను మొక్కలను పెంచవచ్చును. పండ్రెండు, పదునాలుగు గంటలు వెలిగించి పెంచుచున్నవారు కలరు. వారును రాత్రి దీపమార్పుదురు. చీకటి వెలుతురునకు శత్రువు కాదు, అదియు నొక అవసరము. బిడ్డలను తెల్లవారినది మొదలు రాత్రివరకు మన ఉపదేశముల దీపము క్రింద కూర్చుండబెట్టు తల్లిదండ్రులు దీనిని కొంచెము ఆలోచింపవలెను. భాష చెప్పవలెను, పద్యము చెప్పవలెను. చెప్పి, కొంతసేపు దీపమార్పవలెను. మొగ్గ కట్టుట ఆ చీకటిలో జరుగును.

ఇప్పుడు మా తల్లిగారి రెండవ మాటకు వత్తుము. “మీ ఇల్లు కదా, మీకు తెలిసే పెట్టారనుకున్నాను.” మొక్కను గూర్చి అన్న మాట అది. రెండు దినముల తరువాత మాకు తెలివివచ్చినది: వారిని మేమెక్కడ పెట్టితిమి? ఇంటిలో నన్నిటికంటె నెమ్మదియైన వెనుకగది వారికిచ్చితిమి. వీథి రొద వినబడదు, దుమ్ము రాదు, మంచముపైనే పంకా. మాకు విశ్రాంతి కరవు గనుక, వారికి విశ్రాంతియే వరమనుకొంటిమి. నూతివద్ద పదిమందితో మాటలాడుచు డెబ్బదియేండ్లు బ్రదికిన మనిషి, నాలుగు నెలలుగ ఆ గదిలో గోడను చూచుచుండిరి. అన్నము తగ్గినది. మేము మందులు పెంచితిమి. కుండీకి ఎరువు వేసినట్లే.

అడిగితిమి. మొదట ఏమియు వద్దనిరి. మరల మరల అడుగగా, “వీధివైపు కిటికీ దగ్గర కాస్త కూర్చుంటే చాలు” అనిరి. మంచమును ఆనాడే మార్చితిమి. రొద వచ్చినది, దుమ్ము వచ్చినది. మా హాలు అందము చెడినది. ఉదయము పూలమ్మునామె కిటికీ క్రింద ఆగుట మొదలుపెట్టినది. ఆమెకు తెనుగు రాదు, వీరికి అరవము రాదు. మూరెడు మల్లెలు కొలుచునంతసేపు ఇద్దరును మాటలాడుకొనెడివారు. ఏడాదిలో మా తల్లిగారు వందవరకు అరవమున లెక్కపెట్టుట నేర్చిరి. ఆ కిటికీ చట్రముమీదనే, ఉత్తరపు టెండ వచ్చు నెలలలో అక్కడ, చలినెలలలో దక్షిణపు వసారాలో, రెండవ తులసి పెరిగినది. వారు మరి నాలుగేండ్లుండిరి. ఆ నాలుగేండ్లు కిటికీ యిచ్చినవని మేము చెప్పజాలము. కాని ఆ నాలుగు నెలలను మేము తీసికొంటిమని చెప్పగలము.

కనుక మొదటి ప్రశ్నకు మాకు తోచిన సమాధానమిది. మంచి మనస్సు లేనిదే ధర్మము మొదలు కాదు. కాని అంతటితో ముగియదు. తెలిసికొనగలిగియు తెలిసికొనని తప్పు, తెలిసి చేసిన తప్పంత పెద్దది కాకపోవచ్చును. అయినను అది మనదే. మన కుండీలోనున్నవారు, మొక్కయైన, వృద్ధులైన, శిశువైన, తమకు కావలసినది నోటితో చెప్పకపోవచ్చును. కొందరికి భాష లేదు, కొందరికి మొగమాటము. వారు వంగి చెప్పుదురు. చూడవలసినది మనము.

ఒక్క ఆక్షేపణ మిగిలియున్నది. ఎండయే రాని యింటిలో నున్నవారేమి చేయవలెను? చేతిలోనిది మనీప్లాంటైన కిటికీకి దగ్గరగ జరుపవలెను, దీపమమర్చగలిగిన అమర్చవలెను. ఇక కొనబోవునపుడు ఇల్లు చూచి మొక్కను ఎంచుకొనవలెను గాని, మొక్కపై మోజుతో ఇంటిని మరువరాదు. ఏదియు కుదరనిచో, మేడమీద ఎండగల పొరుగువారికి ఆ కుండీ నిచ్చివేయవలెను. దగ్గర నుంచుకొనుటయే ప్రేమ యనుకొనువారికి ఇది కష్టముగ తోచును. కాని మన నీడలో క్షీణించుటకంటె ఎదుటివారి ఎండలో వర్ధిల్లుట మేలని యొప్పుకొనినవాడే ఆ మొక్కను నిజముగ ప్రేమించినవాడు. బిడ్డలను దూరదేశములకు పంపిన తల్లులకు ఈ మాట మేము చెప్పనక్కరలేదు.

ఈ సంచిక చదువుట ముగించి లేచినపుడు పాఠకులు తమ యింటి తులసియొద్దకు ఒక్కసారి పోయి, అది ఏవైపు వంగియున్నదో చూడవలెనని మా కోరిక. త్రిప్పుటకు ముందు ఒక నిమిషమాగి, ఎందుకు వంగినదో ఆలోచింతురు గాక. ఆ తరువాత ఇంటిలోపలి గదులను కూడ ఒకసారి చూచి రండు.